కాలణా నించి కాలనీ దాకా: సర్కారు గ్రాంటూ, మన మగ్గమూ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్ళు అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టిన తర్వాత బడి మానేసినాము. ఆ తర్వాత మాకు చదువు చెప్పింది సంఘం లెక్కల పుస్తకాలే. కాబట్టి తప్పులుంటే మన్నించాల. ఇందులో మేము అన్నచోటల్లా అది సేలం జిల్లాలో తెలుగు మాట్లాడే ఒక చిన్న నేత ఊరి సంఘం అని అనుకోండి.

పోయిన మహాసభలో మా ఊరి కుర్రవాడు ఒకడు లేచి ఒక ప్రశ్న అడిగినాడు. "సర్కారు ఇన్నేండ్లుగా నేతగాళ్ళకు గ్రాంటు ఇచ్చింది, రిబేటు ఇచ్చింది, ఇండ్లు ఇచ్చింది అంటారే. మరి ఊర్లో మగ్గాలు ఎందుకు తగ్గిపోయె? ఆ డబ్బంతా యాడికి పోయె?" అని. సభలో కొందరు నవ్వినారు. కొందరికి కోపం వచ్చింది. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అడిగింది న్యాయమైన మాటే. అందుకని ఇనప్పెట్టె తెరిచి, 1955లో సంఘం రిజిస్టరు అయిన నాటి నించి ఉండే మినిట్సు పుస్తకాలు కింద పరుచుకొని కూర్చున్నాము. అందులో కండ్ల పడింది, మా తాతల నోట విన్నది, మేము చేతులతో చేసింది కలిపి ఈ వ్యాసం రాస్తా ఉన్నాము.

గ్రాంటు అనే మాట రాకముందు

మన వాళ్ళు తెలుగు సీమ వదిలి వచ్చి ఎన్నో తరాలు అయింది. దేవాంగులైనా, పద్మశాలీలైనా, పోయిన చోట ఒక వీధి కట్టుకొని, ఒక గుడి కట్టుకొని, మగ్గం దించినారు. ఈ రోజు మనం తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం అని వేరువేరుగా చెప్పుకుంటాం గానీ, ఒకప్పుడు చాలామందిమి ఒకే మద్రాసు రాజధాని కింద ఉండినాము. బరంపురం ఉండే గంజాం 1936లో ఒడిశాకు పోయింది. బళ్ళారి 1953లో మైసూరుకు పోయింది. సోలాపురం వాళ్ళు బొంబాయి కింద, యానాం వాళ్ళు 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉండినారు. కాబట్టి మా పాత కథ బరంపురం పట్టు నేసేవాళ్ళకూ, బళ్ళారి పక్కవాళ్ళకూ కొంత సొంత కథే.

అప్పటి పద్ధతి మన పెద్దలందరికీ తెలిసిందే. నూలు సావుకారుది, అమ్మకం సావుకారుది, మగ్గమూ ఒళ్ళూ మనవి. పండగకు, పెండ్లికి, చావుకు సావుకారు దగ్గర అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. తీరడం అనేది ఉండదు. తాత తీసుకున్నది నాయన లెక్కలోకి వచ్చేది. వానాకాలం మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే నేత నిలిచిపోతుంది. నేత లేనన్నాళ్ళు కూలి లేదు, మళ్ళీ అడ్వాన్సు.

1930ల్లో మిల్లు గుడ్డ, దిగుమతి గుడ్డ కలిసి మన నేతను నొక్కేసినాయి. ఆచార్య ఎన్.జి. రంగా గారు 1930లోనే చేనేత ఆర్థిక స్థితి మీద పుస్తకం రాసినారు. నేతగాళ్ళు సహకార సంఘాలుగా చేరితే తప్ప సావుకారు చేతిలోంచి బయటపడరని అప్పుడు చాలామంది పెద్దలు చెప్తా ఉండిరి. ఇంగ్లీషు సర్కారు కూడా 1935 నించి చేనేత కోసం రాష్ట్రాలకు ఏటా సుమారు 5 లక్షల రూపాయల గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశం మొత్తానికి 5 లక్షలు అంటే మగ్గానికి ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోండి. అయినా ఆ కాలంలోనే, 1935లో, మద్రాసులో నేతగాళ్ళ రాష్ట్ర సహకార సంఘం పుట్టింది. ఈ రోజు కో-ఆప్‌టెక్స్ అని బోర్డు చూసేది దాన్నే. ఊరి సంఘాలకు నూలు తెచ్చి ఇవ్వడం, నేసింది అమ్మిపెట్టడం దాని పని.

తర్వాత యుద్ధం వచ్చింది. నూలు కరువు వచ్చింది. నూలుకు కంట్రోలు, కార్డు. సర్కారు డాక్టర్ పి.జె. థామస్ గారిని పెద్దగా పెట్టి చేనేత, మిల్లుల సంగతి తేల్చమని ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 1942లో రిపోర్టు ఇచ్చింది. మా అవ్వ చెప్పేది: ఆ రోజుల్లో చిలపనూలు కట్ట ఇంట్లో ఉంటే బియ్యం మూట ఉన్నట్టే అని.

మిల్లు గుడ్డ మీద గజానికి కాలణా

స్వరాజ్యం వచ్చిన తర్వాత మన జీవితంలోకి నిజంగా సర్కారు సొమ్ము వచ్చింది 1953లో. అఖిల భారత చేనేత బోర్డు 1952లో ఏర్పడింది. మరుసటి ఏడు ఒక చట్టం చేసి, మిల్లులో నేసిన గుడ్డ మీద గజానికి మూడు పైలు, అంటే కాలణా, అదనపు సుంకం వేసినారు. ఆ వచ్చిన డబ్బును ఖద్దరుకు, చేనేతకు ఖర్చు పెట్టాల. దాన్నే మన వాళ్ళు సెస్సు ఫండు అంటా ఉండిరి. మిల్లు గుడ్డ కొన్న ప్రతి మనిషి తనకు తెలియకుండానే గజానికి కాలణా మగ్గానికి ఇచ్చినట్టు.

ఇది ఊరికే రాలేదు. అప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గారు. పంచెలు, చీరలు నేసే హక్కు చేనేతకే వదలాలని ఆయన పట్టు పట్టినారు. పూర్తిగా ఒప్పుకోకపోయినా, మిల్లులు నేసే పంచెలను ముందటి ఏడు లెక్కలో 60 శాతానికి తగ్గించాలని ఢిల్లీ ఆర్డరు వేసింది. తెలుగు దేశంలో ప్రగడ కోటయ్య గారివంటి వాళ్ళు నేతగాళ్ళను కూడగట్టి నూలు కోసం, సంఘాల కోసం పోరాడినారు. ఇంకో పక్క, అదే కాలంలో వేసిన కానుంగో కమిటీ మగ్గాలను మెల్లగా మరమగ్గాలుగా మార్చమని 1954లో చెప్పింది. అంటే ఒక చేత్తో కాలణా ఇస్తా, ఇంకో చేత్తో గుంట పూడ్చే మాట. ఈ రెండు చేతుల సంగతి ఆ రోజు నించి ఈ రోజు దాకా నడుస్తానే ఉంది.

ఆ కాలణా మా ఊరికి ఏ దారిన వచ్చిందో పుస్తకంలో ఉంది. సంఘంలో షేరు పది రూపాయలు. పది రూపాయలు పెట్టే నేతగాడు అప్పట్లో ఊర్లో ముగ్గురో నలుగురో. సెస్సు ఫండు నించి షేరులో ముప్పావు వంతు అప్పుగా ఇచ్చినారు. నేతగాడు చేతినించి రెండున్నర రూపాయలు పెడితే చాలు, సభ్యుడు అయినట్టే. మిగిలింది నేత కూలిలో కొంచెం కొంచెం పట్టుకున్నారు. మొదటి పుస్తకంలో సగం పైగా వేలిముద్రలు. ఆ వేలిముద్రల పక్కన "రూ. 2–8–0" అని రాసి ఉంది. ఆ రెండు రూపాయల ఎనిమిది అణాలతో ఒక మనిషి సావుకారు లెక్క నించి సంఘం లెక్కలోకి వచ్చినాడు. మాకు తెలిసినంతలో సర్కారు చేనేతకు ఇచ్చిన సొమ్ములన్నిటిలో గొప్పది ఇదే. ఎందుకంటే ఇది గుడ్డకు ఇచ్చింది కాదు, మనిషిని నిలబెట్టడానికి ఇచ్చింది.

అదే ఫండు నించి అద్దకపు షెడ్డు, కొత్త పన్నెలు, డాబీలు, అమ్మకపు డిపోలు వచ్చినాయి. నేతగాళ్ళ సేవా కేంద్రాలు 1956 నించి మొదలైనాయి. సేలంలో చేనేత సాంకేతిక విద్యాలయం 1960లో వచ్చింది. ఒడిశాలో మన వాళ్ళకు తెలిసిన బోయనిక 1956లో పుట్టింది. కర్ణాటకలో చేనేత అభివృద్ధి నిగమం రావడానికి 1975 దాకా పట్టింది.

కాలనీ

మా ఊరికి వచ్చిన గ్రాంటులో కండ్లకు కనపడేది కాలనీ. 38 ఇండ్లు. ఒక్కో ఇల్లు ఒక పెద్ద గది, వెనక వంటచోటు. పెద్ద గదిలో రెండు మగ్గాలు పట్టేటట్టు, వెలుతురు మగ్గం మీద పడేటట్టు కిటికీ. ఖర్చులో మూడింట ఒక వంతు గ్రాంటు, రెండు వంతులు అప్పు. వీధి చివర బావి, పడుగు సాగదీయడానికి చెట్ల నీడలో పొడుగాటి స్థలం. ఊరి బాగు కోసం సర్కారు సమాజ వికాస పథకాలు 1952 అక్టోబరు 2 నించి మొదలుపెట్టింది గదా, రోడ్లు, బావులు, బడులు అన్నీ. మన వీధులకు మాత్రం ఆ బాగు ఎక్కువగా నేత సంఘం దారినే వచ్చింది.

అవ్వ చెప్పేది, కొత్త ఇంట్లో మొదటి వానకు మగ్గం గుంట పొడిగా ఉండేది చూసి తాత నవ్వినాడంట. అంతకు ముందు వానాకాలం అంటే నేత నిలిచే కాలం. ఇప్పుడు వానలోనూ నాడె ఆడింది. గ్రాంటు అంటే మా మనసులో ఉండే బొమ్మ ఇదే, ఆ పొడి గుంట.

ఆ అప్పును నేసిన పంచెకు ఇంతని కూలిలో పట్టుకొని కట్టినారు. ఇరవై ఏండ్లు పట్టింది. ఒక్కో కుటుంబం కట్టిన ప్రతి రూపాయీ లెడ్జరులో ఉంది. ఆ లెడ్జరు కథ చివర చెప్తాము. దాని కోసమే ఈ వ్యాసం సగం రాస్తా ఉన్నాము.

రిబేటు అనే తీపి

ఇక రిబేటు. పండగ సీజన్లో చేనేత గుడ్డ మీద రూపాయికి ఇంత తగ్గించి అమ్మడం, ఆ తగ్గించిన మొత్తాన్ని సర్కారు సంఘానికి తిరిగి ఇవ్వడం. గాంధీ జయంతికి, దీపావళికి, పొంగలుకు డిపోల ముందు జనం వరస కట్టినారు. మగ్గం ఆగలేదు. ఆ మేలు మరిచిపోకూడదు.

కానీ లెక్క చూడండి. నూరు రూపాయల పంచెను ఎనభైకి అమ్మితే సంఘం చేతికి వచ్చేది ఎనభై. మిగిలిన ఇరవై సర్కారు నించి రావాల. ఒక ఏడు 5 లక్షల సరుకు అమ్మితే రావాల్సిన రిబేటు లక్ష. అది ఆ ఏడే వస్తే సరే. రెండేండ్లు పడితే? సంఘం నడిచేది బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద. నూటికి 12 వడ్డీ వేసుకున్నా ఆ లక్షకు రెండేండ్లలో 24 వేలు మనం కట్టినట్టే. సర్కారు ఇచ్చే దానికి మనం వడ్డీ కట్టడం. మా సంఘంలో ఇది ఒక ఏడు కాదు, చాలా ఏండ్లు జరిగింది. మినిట్సులో ప్రతి మీటింగులోనూ "రిబేటు బాకీ గురించి మరల జాబు రాయుటకు తీర్మానించడమైనది" అని ఉంది. సమయానికి రాని గ్రాంటు అప్పుకంటే చెడ్డది. అప్పు అయితే తీర్చే తేదీ మనకు తెలుసు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాల. రిబేటు సీజన్ కోసమే నేయడం మనకు అలవాటు అయిపోయింది. మిగిలిన రోజుల్లో గిరాకీ ఎట్లా తేవాలనేది సంఘాలు మరిచిపోయినాయి. గుడ్డ గోడౌన్లో మడత మీద మడత పెరిగింది.

జనతా గుడ్డ – మా తప్పు

1974లో శివరామన్ కమిటీ రిపోర్టు వచ్చింది. మగ్గాల్లో చాలా భాగాన్ని సంఘాల కిందికి తేవాలని అది చెప్పింది. దాని తర్వాత ఢిల్లీలో చేనేతకు ప్రత్యేకంగా ఒక డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసు వచ్చింది. 1976 అక్టోబరు 2న జనతా గుడ్డ పథకం మొదలైంది. పేదలకు తక్కువ వెలకు పంచె, చీర. నేసిన గుడ్డకు మీటరు లెక్కన సర్కారు సబ్సిడీ. నేతగాడికి ఏడాది పొడుగునా పని.

మా ఊరు అంతకు ముందు నూరో నంబరు సన్న నూలు పంచెకు పేరు పడిన ఊరు. జనతా వచ్చినాక లావు నూలుకు మారినాము. ఎందుకు మారినామో నిజం చెప్పాల. లావు నూలు త్వరగా నేయొచ్చు. పోగు తెగదు. అమ్మే చింత లేదు, సర్కారే తీసుకుంటుంది. కమిటీలో కూర్చున్న మేమందరం చేతులెత్తి ఒప్పుకున్నాము. మా నాయన ఒక్కడే అన్నాడు, "ఒరే, చెయ్యి మొద్దుబారిపోతుంది రా" అని. మేము వినలేదు. ఇరవై ఏండ్ల తర్వాత, 1990ల్లో జనతా పథకం ఆపేసినప్పుడు సన్న నూలు నేసే చేతులు మా ఊర్లో తొమ్మిదే మిగిలినాయి. కొత్తవాళ్ళకు నేర్పినవాళ్ళు లేరు. మరమగ్గం లావు గుడ్డను మనకంటే చవకగా నేస్తుంది. మనం మాత్రమే నేయగలిగిన పంచెను మనమే వదిలేసినాము.

ఇది సర్కారు మీద నేరం మోపడానికి రాయలేదు. ఆ ఇరవై ఏండ్లు ఎన్నో పొయ్యిలు వెలిగింది జనతా వల్లే. తమిళనాడులో 1983లో ఎం.జి.ఆర్. గారు పెట్టిన పొంగలు ఉచిత పంచె, చీరల పథకం కూడా అట్లానే ఎందరికో అన్నం పెట్టింది. అయితే పని ఇచ్చే గ్రాంటు వేరు, పనితనం పెంచే గ్రాంటు వేరు. మొదటిది తీసుకునేటప్పుడు రెండోదాన్ని కాపాడుకోవడం సంఘం పని. మేము ఆ పని చేయలేదు.

నూలు ధర, ఆకలి, పొదుపు

1985లో రెండు వచ్చినాయి. ఒకటి చేనేతకు కొన్ని రకాలు కేటాయించే చట్టం. 22 రకాలు చేనేతకే అన్నారు. మిల్లువాళ్ళు కోర్టుకు పోయినారు. సుప్రీం కోర్టు 1993లో చట్టం చెల్లుతుందని చెప్పింది. కానీ ఆ లోపల మరమగ్గం ఊరంతా పాకింది. తర్వాత రకాలు 11కు తగ్గినాయి. రెండోది మగ్గం షెడ్డుతో ఇల్లు కట్టే పథకం. దాంట్లో మా పక్క ఊర్లు బాగుపడినాయి.

1991లో నూలు ధర మండిపోయింది. ఆంధ్రలో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేతగాళ్ళు ఆకలితో చనిపోయినారనే వార్తలు పేపర్లో చదివి మా వీధిలో ఆడవాళ్ళు ఏడ్చినారు. మన బంధువులు ఉండే ఊర్ల పేర్లు అవి. ఆ తర్వాత మిల్లు గేటు ధరకే నూలు ఇచ్చే పథకం వచ్చింది. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి నిగమం దాన్ని నడిపింది. మిల్లులు ఒడికే నూలులో ఇంత భాగం చిలపలుగా కట్టాలనే నియమం కూడా ఉంది. అది 50 శాతం ఉండేది, 2003లో 40కి, తర్వాత 30కి తగ్గింది. ఈ సంగతి మన ఇండ్లలో చాలామందికి తెలియదు. చిలపనూలు దొరకకపోతే సంఘాన్ని తిట్టుకుంటాము.

చిన్నగా కనపడి పెద్ద మేలు చేసింది పొదుపు నిధి. నేత కూలిలో రూపాయికి కొన్ని పైసలు మన వాటా, దానికి సర్కారు వాటా. నేతగాడు అప్పుడు గొణిగినాడు. మగ్గం దిగే రోజు పాస్‌బుక్కు చేతికి వస్తే అదే చెయ్యి కండ్లకద్దుకుంది. మహాత్మా గాంధీ బున్‌కర్ బీమాలో నేతగాడు కట్టేది 80 రూపాయలు, మిగిలిన ప్రీమియం ఢిల్లీదీ, ఎల్.ఐ.సి.దీ. తొమ్మిది నించి పన్నెండో తరగతి పిల్లలకు దాంట్లో స్కాలర్‌షిప్పు కూడా ఉండింది. మా కాలనీలో ముగ్గురు ఆడపిల్లలు ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టి చదువు ముగించినారు.

లెక్క తగ్గుతా వచ్చింది

2000లో దీన్‌దయాళ్ పేరున పథకం, తర్వాత క్లస్టర్లు. 2011–12 బడ్జెట్టులో సంఘాల, నేతగాళ్ళ పాత అప్పులు తీర్చడానికి నాబార్డు దారిన 3,000 కోట్లు అన్నారు. 2015 నించి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా జరుపుకుంటున్నాము. 2020లో మన తాతల కాలం చేనేత బోర్డును రద్దు చేసినారు. 2021 తర్వాత చిలపనూలు ధరలో 15 శాతం సబ్సిడీ నడుస్తా ఉంది. తమిళనాడులో మగ్గం ఇంటికి కొన్ని యూనిట్ల కరెంటు ఉచితం.

ఇన్ని వచ్చినా లెక్క చూడండి. దేశం మొత్తంలో చేనేత పనివాళ్ళు 1987–88 గణనలో 67.39 లక్షలు. 1995–96లో 65.5 లక్షలు. 2009–10లో 43.31 లక్షలు. 2019–20లో 35.22 లక్షలు. ఒక్క తరంలో దాదాపు సగం. మా ఊర్లో అంతకంటే ఘోరం. 140 మగ్గాలు ఆడిన ఊర్లో ఇప్పుడు ఆడేవి 22. పిల్లలు తిరుప్పూరు బనియన్ కంపెనీలకు, బెంగుళూరుకు పోయినారు. పోవద్దని మేమెట్లా అంటాము? మా పిల్లలూ పోయినారు.

ఇంకొక లెక్క. ఆ 35 లక్షల్లో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళు. మా మొదటి సభ్యుల పుస్తకంలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. కండె చుట్టింది వాళ్ళు, గంజి పెట్టింది వాళ్ళు, మగవాడు బయటికి పోతే మగ్గం ఎక్కింది వాళ్ళు. గ్రాంటు కాగితం మీద పేరు మాత్రం మగవాడిది. ఈ తప్పును మేము సరిచేసుకున్నది ఆలస్యంగానే.

కుర్రవాడికి మా జవాబు

కాబట్టి ఆ కుర్రవాడు అడిగిన దానికి మా జవాబు ఇది. డబ్బు నాలుగు దారుల్లో పోయింది. కొంత మనిషిని నిలబెట్టింది: షేరు అప్పు, కాలనీ, పొదుపు, బీమా, పిల్లల చదువు. అది ఈ రోజుకీ ఉంది. కొంత ఆ రోజు ఆకలి తీర్చింది: జనతా, రిబేటు. తీరిన ఆకలి గుర్తు ఉండదు, కానీ తీరింది. కొంత ఆలస్యానికి, వడ్డీకి పోయింది. కొంత మన మౌనానికి పోయింది. మహాసభకు రాకుండా, బ్యాలెన్స్ షీట్ చదవకుండా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి పోయిన ప్రతిసారీ కొంత పోయింది. మేము సెక్రెటరీలం కూడా అందులో భాగస్వాములం.

ఇక లెడ్జరు కథ. 1990ల చివర్లో కాలనీవాళ్ళు ఇంకొక గది కట్టుకోవడానికి అప్పుకు పోతే పట్టా తెమ్మన్నారు. పట్టా లేదు. ఇల్లు మనదే అనుకొని నలభై ఏండ్లు ఉన్నాము. స్థలం సంఘం పేరున ఉందని, సంఘం అప్పు పూర్తిగా తీరినట్టు తమ పుస్తకంలో లేదని ఒక ఆఫీసులో చెప్పినారు. అప్పు మా తాతలు కట్టేసినారు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఊరికి తెలిస్తే చాలదు, కాగితం కావాల. అప్పుడు ఇనప్పెట్టెలో మూడు పాత లెడ్జర్లు బయటికి తీసినాము. ప్రతి ఇంటికి ఒక పేజీ, ప్రతి కంతుకు ఒక వరస, పక్కన వేలిముద్ర. వాటిని మోసుకొని మేము తిరగని మెట్లు లేవు. పదకొండు ఏండ్లకు 31 ఇండ్లకు పట్టా వచ్చింది.

ఏడు ఇండ్లకు రాలేదు. వాళ్ళ పేజీలు మూడో లెడ్జరు చివర్లో ఉండినాయి. ఆ భాగం చెదలు తిన్నది. పెట్టెలో స్థలం లేదని ఆ ఒక్క లెడ్జరును నేల మీద పెట్టింది మేమే. ఈ రోజు ఆ ఏడు కుటుంబాల్లో రెండు కుటుంబాలవాళ్ళు ఇల్లు వానకు కారుతా ఉన్నా ఇంటి పథకంలో పేరు రాయించుకోలేక ఉన్నారు. కొత్త గ్రాంటు ఉంది, అర్హత ఉంది, పాత గ్రాంటు కాగితం లేదు. గ్రాంటు చరిత్ర అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ రెండు ఇండ్లను చూపించాలని ఉంది.

అందుకని సమాఖ్యలో ఉండే అన్ని ఊర్ల సంఘాలకు మా మనవి. మొదటిది, పాత మినిట్సు, సభ్యుల పుస్తకం, అప్పు లెడ్జరు, రసీదులు ఈ నెలలోనే బయటికి తీసి ఎండలో ఆరబెట్టండి, ఫోటోలు తీయించండి. ఫోను ఉన్న పిల్లవాడు ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. రెండోది, ఇంటి ఆడవాళ్ళ పేరు సంఘంలో సభ్యులుగా, నేతగాళ్ళ గుర్తింపు కార్డులో రాయించండి. మూడోది, ఏ పథకం వచ్చినా ముందు రెండు ప్రశ్నలు అడగండి: డబ్బు ఏ తేదీకి వస్తుంది, పథకం ఆగిపోయిన తర్వాత మన చేతిలో ఏం మిగులుతుంది? నాలుగోది, సన్న నేత వచ్చిన ముసలి చేతులు ఊర్లో ఉంటే ఇద్దరు పిల్లలనైనా పక్కన కూర్చోబెట్టండి. మా ఊర్లో తొమ్మిదిలో ఇప్పుడు మూడు చేతులే మిగిలినాయి. వాళ్ళ పక్కన ఈ తై నెల నించి నలుగురు కూర్చుంటున్నారు. వాళ్ళలో ముగ్గురు ఆడపిల్లలు.

చివరిగా ఒక మాట. మా కాలనీ నించి 1960ల్లో, 70ల్లో సోలాపురానికి, బెంగుళూరుకు, సూరత్‌కు వలస పోయిన కుటుంబాలు ఉన్నాయి. ఆ కాలంలో ఇంటి కంతు కట్టినందుకు సంఘం పసుపు రంగు రసీదు ఇచ్చేది. ఎవరి ఇంట్లోనైనా, అవ్వ ట్రంకు పెట్టెలోనైనా, దేవుడి పటం వెనకైనా అట్లాంటి రసీదు దొరికితే దయచేసి పారేయకండి. సమాఖ్య ఆఫీసుకు తెలపండి. ఏడు ఇండ్లవాళ్ళు ఎదురు చూస్తా ఉన్నారు.

చౌడేశ్వరమ్మ, మార్కండేయ స్వామి మనందరి మగ్గాలను చల్లగా చూడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.